జగ్గు మధ్యలో, సీసా పక్కన

ఏప్రిల్ చివర్లో బంధువుల రిసెప్షన్‌కి వెళ్ళాం. ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గరే వెల్‌కమ్ డ్రింక్స్ కౌంటరు పెట్టారు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. బోర్డు మీద 'మింట్ మొజిటో' అని పెద్ద అక్షరాలు, అంటే పుదీనా, నిమ్మ, సోడా కలిపే పానీయం. కుర్రాడు ఆకుపచ్చ సీసాలోంచి రెండు మూతలు గ్లాసులో వంపి, ఐసు వేసి, సోడా నింపి చేతికిచ్చాడు. పుదీనా రెబ్బ ఒక్కటి కూడా లేదు.

"ఆకు వెయ్యవా బాబూ?" అని అడిగాను.

"వేస్తే పళ్ళలో ఇరుక్కుంటోందని తిడుతున్నారండీ. అందుకే మానేశాం."

ఆ కుర్రాడిని నేనేమీ అనను. అడిగినదే ఇస్తున్నాడు. కానీ రాత్రి ఎనిమిదిన్నరకి కూడా విజయవాడ బందరు రోడ్డు మీద వడగాలి తగ్గని రోజది. ఇదే ఊళ్ళో రైతుబజారుకి పొద్దున్నే వెళితే పుదీనా కట్టలు గుట్టగా పోసి ఉంటాయి. నీళ్ళ గ్లాసులో పెడితే వారం పది రోజుల్లో వేళ్ళు తొడిగే మొక్క అది. అలాంటి చోట పుదీనా రుచిని రంగునీళ్ళుగా కొనుక్కోవడం నాకు చాలా బాధనిపించింది. ఆ రాత్రి నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. ఆలోచించగా తేలిన మాట ఇది.

వేసవి సాయంత్రం నలుగురు కూర్చుని తాగే కాక్‌టెయిల్‌ని ముందు ఆకు, నిమ్మ, తీపి, ఉప్పు, నీళ్ళతో పూర్తిగా తయారుచేయాలి. మద్యం తాగని మనిషి ఆ గ్లాసు అందుకుంటే ఏ లోటూ తెలియకూడదు. కావాలనుకున్నవాళ్ళు తమ గ్లాసులోకి తాము కొలిచి పోసుకోవాలి. జగ్గు మధ్యలో ఉండాలి, సీసా పక్కన ఉండాలి. మన ఇళ్ళల్లో ఇప్పుడు జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. వేసవి సెలవులకి అందరూ కలుస్తారు. మగవాళ్ళు సీసా, మిక్చర్ పొట్లాలు పట్టుకుని డాబా ఎక్కుతారు. ఆడవాళ్ళు కింద వంటింట్లో, ఏసీ ఉన్న ఒక్క గదిలో సర్దుకుంటారు. పిల్లలు ఐసు ముక్కలు మోస్తూ పైకీ కిందకీ తిరుగుతారు. "ఆడవాళ్ళకి ఏదైనా కూల్‌డ్రింక్ తెప్పించండర్రా" అని ఎవరో గుర్తొచ్చినప్పుడు అంటారు. పైన ఉన్నవాళ్ళలో తాగనివాడు ఒకడుంటే అతని చేతిలోనూ అదే కూల్‌డ్రింకు. తాగేవాళ్ళకేమో ఆ సీసా తప్ప ఇంకేమీ ఉండదు, నంజుకోవడానికి కారం తప్ప. ఇందులో ఎవరికీ మంచి పానీయం దక్కడం లేదు.

ఆకు చేసే పని

పుదీనా ఆకు మీద సన్నటి నూనె బుడిపెలు ఉంటాయి, మామూలు కంటికి ఆనవు. వాసనంతా వాటిలోనే ఉంటుంది. ఆ బుడిపెలు ఆకు లోపల కాక పైపొర మీదే ఉంటాయి కాబట్టి అరచేతుల మధ్య పెట్టి ఒక్కసారి చరిస్తే చాలు, పగిలి నూనె బయటికొస్తుంది. అలా కాకుండా రోట్లో వేసి పచ్చడి నూరినట్టు నూరితే లోపలి పసరు కూడా దిగుతుంది. పసరు చేదు. గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది కూడా. ఇంట్లో మొజిటో చేసి "చేదుగా వచ్చింది" అని వదిలేసినవాళ్ళలో చాలామంది విషయంలో జరిగింది ఇదే. పప్పుగుత్తితో నాలుగైదుసార్లు మెత్తగా అదమడం దగ్గర ఆపేయాలి.

పుదీనా నోటికి చల్లగా ఎందుకు ఉంటుందన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి. పుదీనా రకాల్లో ఉండే మెంథాల్ మన నాడుల మీద చలిని గుర్తించే గ్రాహకాన్ని తడుతుంది. దాని పేరు టీఆర్‌పీఎం8. 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అనే శాస్త్రవేత్తలు వేర్వేరుగా మెంథాల్ వాడి దాన్ని గుర్తించారు. 2021లో ఇద్దరికీ కలిపి వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. అంతకుముందు 1997లో జూలియస్ బృందం వేడిని గుర్తించే గ్రాహకాన్ని పట్టుకున్నది మిరపలో ఉండే క్యాప్సైసిన్‌తో. గుంటూరు మిర్చి యార్డు ముందు నుంచి బస్సులో వెళ్ళేటప్పుడు గొంతులో గరగర మొదలైతే ఈ సంగతి గుర్తొస్తుంది నాకు. మిరప మంట, పుదీనా చల్లదనం రెండూ శరీరం ఉష్ణోగ్రతతో సంబంధం లేకుండా నాడులకు అందే కబుర్లే.

ఇక్కడే నా వాదనకి గట్టి ఆధారం ఉంది. పుదీనా ఒంటి వేడిని తగ్గించడం లేదు, చల్లబడిన భావన కలిగిస్తోంది. మద్యం ఇంకో పని చేస్తుంది. ఒంట్లో నీటిని నిలిపి ఉంచే హార్మోన్ని అణిచేస్తుంది, దాంతో మామూలుకంటే ఎక్కువ నీరు మూత్రంగా పోతుంది. ఎండలో చెమటోడ్చి వచ్చిన మనిషి, నోటికి చల్లగా ఉందని మద్యం కలిపిన పుదీనా గ్లాసులు ఒకదాని మీద ఒకటి లాగిస్తే హాయిగానే ఉంటుంది, లోపల మాత్రం ఎండిపోతుంటాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. 44, 45 డిగ్రీలు చూసే ఊరిది. ఇక్కడ వేసవి పానీయం అన్నాక మొదట నీళ్ళు, ఉప్పు అందించాలి. అందుకే ముందు జగ్గు. మధ్యాహ్నం పూట మద్యం మాటే వద్దు, పొద్దుగుంకాక చూసుకోవచ్చు.

మే నెలలో డాబా మీద

మాది మొగల్రాజపురంలో కొండ వైపు పాత ఇల్లు. సాయంత్రం దాకా రాయి కాగి, రాత్రంతా ఆ వేడి వదులుతుంటుంది. ఇక్కడ ఆకుకూర మొక్కని మే నెల దాటించడం తేలికేం కాదు. అయినా డాబా తోటల వాళ్ళు చాలామంది చేస్తున్నారు.

పుదీనాకి లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. చేపల దుకాణాల్లో పారేసే థర్మాకోల్ పెట్టెలు దీనికి చాలా మంచివి. అడుగున చిల్లులు పెట్టి ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపితే చాలు. ప్లాస్టిక్ బకెట్ కాగిపోయినట్టు థర్మాకోల్ కాగదు, వేళ్ళు ఉడకవు. పైన ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాలి. ఉదయం ఎండ తగిలి, పదకొండు తర్వాత నీడ పడే మూల అయితే ఇంకా మేలు. మధ్యాహ్నం పైపు తిప్పి నీళ్ళు పోయకండి. డాబా మీద ట్యాంకులోంచి వచ్చేవి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళు. ఉదయం ఆరింటికి ఒకసారి, ఎండ వాలాక ఒకసారి బకెట్లో పట్టి చల్లార్చిన నీళ్ళు పోయాలి. పూత కనిపించగానే ఆ కొమ్మ తుంచేయాలి. పూతకొచ్చిన పుదీనా ఆకు చిన్నదై, ఘాటు మొరటుగా తయారవుతుంది.

కొత్తిమీర మీద ఈ నెలల్లో ఆశ పెట్టుకోకపోవడం మంచిది. వేడికి ఆకు ఎదగకముందే పూతకి పోతుంది. వాము ఆకు మాత్రం ఏమన్నా తట్టుకుంటుంది. మందంగా, నూగుగా ఉండే ఆ ఆకు బజ్జీలకే పుట్టిందని అనుకుంటాం కానీ ఒకే ఒక్క ఆకు జగ్గులో నలిపి వేస్తే నిమ్మకి మంచి వెనక రుచి ఇస్తుంది. రెండు వేస్తే దగ్గు మందు అయిపోతుంది. నిమ్మగడ్డి ఒక పెద్ద కుండీలో ఒకసారి పాతితే ఇక మనల్ని అడగదు. మరువం పూలమాలల్లో మల్లె పక్కన ఎంత బాగుంటుందో గ్లాసులోనూ అంత బాగుంటుంది. చిన్న రెమ్మ సరిపోతుంది. దవనం కూడా ప్రయత్నించవచ్చు కానీ చేదు త్వరగా దిగుతుంది, గ్లాసు పైన అలంకారానికే ఉంచుతాను.

రోజ్‌మేరీ, థైమ్ మొక్కలు ఇప్పుడు నర్సరీల్లో దొరుకుతున్నాయి. ఇంటర్నెట్‌లో కాక్‌టెయిల్ ఫోటోలన్నిట్లో అవే. తెచ్చుకోవద్దనను. కానీ అవి మధ్యధరా తీరపు పొడి వేసవికి అలవాటుపడ్డ మొక్కలు. మన దగ్గర మే నెల తట్టుకున్నా జూలై వానల్లో వేరు కుళ్ళిపోతాయి. ప్రతి ఏడాదీ వాటిని కొని చంపుకోవడం కంటే గుమ్మం ముందున్న నిమ్మచెట్టు ఆకు తుంపుకోవడం నయం. నిమ్మాకు మజ్జిగ తాగినవాళ్ళకి ఆ ఆకు విలువ నేను చెప్పక్కర్లేదు. లేత ఆకు మధ్య ఈనె తీసేసి, చేత్తో నలిపి వేస్తే కాయకి లేని పరిమళం వస్తుంది.

కోత వేళ ముఖ్యం. పగలంతా వాడిన ఆకుని సాయంత్రం ఐదింటికి కోస్తే అందులో ఏమీ ఉండదు. ఎండ వాలగానే నీళ్ళు పోసి, ఏడు దాటాక ఆకు నిగనిగలాడుతూ నిలబడినప్పుడు కొయ్యాలి. లేదా తెల్లవారుజామున కోసి, తడి గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. బజారు పుదీనా అయినా ఏమీ తప్పులేదు. ఉప్పు నీళ్ళలో కాసేపు ఉంచి, మట్టి పూర్తిగా పోయేదాకా రెండు మూడు నీళ్ళు మార్చి కడగాలి.

తులసి దగ్గర

ఆకుల గురించి ఇంత ఉత్సాహంగా మాట్లాడుతుంటే మా అత్తయ్యగారు విని ఒక్క మాటే అన్నారు. "అమ్మాయ్, నీ ఇష్టం వచ్చిన ఆకు కోసుకో. తులసి కోట జోలికి మాత్రం రాకు."

మా మరిది అక్కడే ఉన్నాడు. "పానకంలో తులసి వేస్తాం కదమ్మా, మొక్క ఒకటే కదా" అన్నాడు. "పానకం స్వామికి పెట్టేది. నువ్వు డాబా మీద పోసుకునేది ఎవరికి పెడతావురా?" అని ఆవిడ అడిగారు. ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆవిడ మాట నాకు సరైనదే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. రుచి పరంగా చూస్తే తులసి చక్కగా కుదురుతుంది. లవంగంలో ఉండే యూజినాలే తులసిలోనూ ఉంటుంది, నిమ్మతో దానికి మంచి జోడీ. కానీ రోజూ దీపం పెట్టే మొక్క ఆకుని మద్యం పోసే గ్లాసులో వేయడం ఇంట్లో ఒక్కరినైనా నొప్పించేటప్పుడు, ఆ జగ్గు అందరిదీ ఎలా అవుతుంది? నేను చెబుతున్నదంతా అందరూ ఒకేచోట కూర్చోవడం గురించే. అందుకే మా ఇంట్లో తులసి జగ్గులోకి రాదు. మీ ఇంట్లో అభ్యంతరం లేకపోతే అది మీ నిర్ణయం.

దాని స్థానంలో సబ్జా మొక్క ఉంది. కొందరు రుద్రజడ అంటారు. వేసవిలో నానబెట్టి షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు ఈ మొక్కవే. గింజ మనకి బాగా తెలుసు, ఆకుని పట్టించుకోం. ఇటలీ వంటల్లో వాడే బేసిల్, ఈ సబ్జా ఒకే జాతి. 2008లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోర్గ్ మేయర్ అనే బార్ యజమాని జిన్, నిమ్మ, పంచదార పాకంతో గుప్పెడు బేసిల్ ఆకులు అదిమి ఒక కాక్‌టెయిల్ చేశాడు. దాన్ని బేసిల్ స్మాష్ అంటారు, ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నారు. మన డాబా మీద సబ్జా మొక్క ఆకు వాసన ఇటలీ రకం కంటే కొంచెం మొరటుగా, సోంపు వైపు మొగ్గుతుంది. అందుకే గుప్పెడు అక్కర్లేదు, పది పన్నెండు ఆకులు చాలు. ఆకు జగ్గులోకి, నానిన గింజలు గ్లాసులోకి. ఒకే మొక్క రెండు విధాలా పనికొస్తుంది.

జగ్గు ఎలా చేయాలి

ఆరు గ్లాసులకి చెబుతున్నాను. పంచదార, నీళ్ళు సమానంగా తీసుకుని కరిగేదాకా వేడిచేసి చల్లార్చాలి. తీగ పాకం రాకూడదు, కరిగితే చాలు. అది 120 మిల్లీలీటర్లు. నిమ్మరసం 150 మిల్లీలీటర్లు, కాయల్ని బట్టి ఎనిమిది నుంచి పది కాయలు పడతాయి. తెనాలి వైపు నుంచి వచ్చే పలచటి తొక్క కాయలు దొరికితే తక్కువే సరిపోతాయి. కాయని ముందు బల్ల మీద అరచేత్తో దొర్లించండి. చివరి చుక్క దాకా పిండొద్దు, తొక్క చేదు దిగుతుంది.

రెండు గుప్పెళ్ళ పుదీనా, పదో పన్నెండో సబ్జా ఆకులు, రెండు లేత నిమ్మాకులు పెద్ద గిన్నెలో వేసి, రెండు చెంచాల పంచదార పలుకులు చల్లి, పప్పుగుత్తితో మెల్లగా అదమాలి. ఇరవై నిమిషాలు మూతపెట్టి వదిలేయాలి. ఇదే అన్నిటికంటే ముఖ్యమైన అంచె. తర్వాత పాకం, నిమ్మరసం, అర లీటరు చల్లటి నీళ్ళు, పావు చెంచా ఉప్పు, ఒక చెంచా అల్లం రసం వేసి కలిపి, టీ వడకట్టుతో జగ్గులోకి వడకట్టాలి. ఇక పళ్ళలో ఇరుక్కోవడానికి ఏమీ ఉండదు. వాసన కోసం గ్లాసు పైన ఒక నిండు రెమ్మ నిలబెట్టాలి, తాగేటప్పుడు ముక్కు దాని పక్కనే ఉండాలి. రుచిలో సగం ముక్కుదే.

ఐసు విషయంలో ఒక మాట. బండి మీద చెరకు రసం వాళ్ళు వాడే దిమ్మ ఐసు వద్దు, అది ఏ నీళ్ళతో చేశారో తెలియదు. ముందు రోజు రాత్రి ఒక స్టీలు గిన్నెడు తాగే నీళ్ళు డీప్ ఫ్రిజ్‌లో పెడితే ఉదయానికి పెద్ద గడ్డ తయారవుతుంది. పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది, జగ్గు పలచబడదు.

గ్లాసు సగానికి పైగా జగ్గులోంచి, మిగతాది సోడా. గోలీ సోడా దొరికితే అదే పోయండి, దాని పొంగు గట్టిగా ఉంటుంది. మద్యం పోసుకునేవాళ్ళు సోడా కొంచెం తగ్గించుకుని 45 మిల్లీలీటర్లు కొలిచి పోసుకుంటే రుచి చెదరదు. బార్లు పాటించే ప్రామాణిక కొలతలో మొజిటోకి తెల్ల రమ్ము 45, నిమ్మరసం 20. మన జగ్గులో గ్లాసుకి 25 నిమ్మరసం ఉంది కాబట్టి రమ్ము పడ్డా పులుపు నిలబడుతుంది. కొలత గ్లాసు సీసా పక్కనే ఉండాలి. చేతివాటంగా వంపడం ఉండకూడదు.

ఏ మద్యం అంటే తెల్ల రమ్ము, జిన్, వోడ్కా ఆకుకి దారి ఇస్తాయి. మన షాపుల్లో రాజ్యం బ్రాందీ, విస్కీలది. విస్కీ పుదీనాని మింగేస్తుందని చాలామంది అంటారు. అమెరికాలో కెంటకీ డెర్బీ గుర్రప్పందేల్లో ప్రతి మే నెల మొదటి శనివారం తాగే మింట్ జూలెప్ పుదీనా, బోర్బన్ విస్కీ కలిపి చేసేదే. కాబట్టి కుదరదని అనలేను. కానీ అందులో నిమ్మ ఉండదు. ఈ జగ్గుకి మాత్రం విస్కీ నప్పదు.

సారం దిగదన్న అభ్యంతరం

మా పెద్దమ్మ కొడుకు హైదరాబాద్‌లో ఒక హోటల్ బార్‌లో పనిచేస్తాడు. నా వాదన విని తల అడ్డంగా ఊపాడు. "అక్కా, ఆకు నూనె నీళ్ళలో సరిగా కరగదు. ఆల్కహాల్‌లో కరుగుతుంది. నువ్వు మద్యాన్ని చివర్లో పోయమంటున్నావు. అంటే ఆకులో ఉన్నదాన్ని సగం గిన్నెలోనే వదిలేస్తున్నావు."

శాస్త్రం అతని వైపే ఉంది. ఇంట్లోనే పరీక్ష పెట్టి చూశాం. ఒక గ్లాసులో నీళ్ళు, ఒక గ్లాసులో వోడ్కా, రెండిట్లో సమానంగా పుదీనా. పది నిమిషాలకి వోడ్కా గ్లాసు వాసన నిండుగా ఉంది, నీళ్ళ గ్లాసు పేలవంగా ఉంది. అరగంట తర్వాత మాత్రం వోడ్కా గ్లాసులో పసరు కూడా దిగి ఎండుగడ్డి వాసన మొదలైంది. పంచదార పలుకులతో ఆకుని ముందుగా అదిమి ఊరబెట్టడం అప్పటి నుంచే మొదలుపెట్టాను. పలుకులు బుడిపెల్ని గీరుతాయి, ఆకులోని తడిని లాగుతాయి, నూనె ఆ తడి పంచదారకి అంటుకుంటుంది. ఈసారి తమ్ముడు రుచి చూసి, "వాసన వచ్చిందక్కా. కానీ వెనకాల ఏదో ఖాళీ ఉంది. మద్యం గొంతులో చేసే చురుకు లేదు" అన్నాడు.

ఆ ఖాళీ నాకూ తెలిసింది. దానికి జవాబు మంగళగిరిలో దొరికింది. పానకాల స్వామికి శంఖంతో పానకం పోస్తారు, సగం స్వామి పుచ్చుకుని మిగతాది ప్రసాదంగా వదులుతాడని నమ్మకం. మెట్లు ఎక్కి చెమటతో నిలబడి ఆ పానకం తాగితే, బెల్లం తీపి వెనక మిరియం గొంతులో సన్నగా రగులుతుంది. మద్యం లేకుండా ఆ చురుకు ఎలా తేవాలో మన పెద్దవాళ్ళకి ఎప్పుడో తెలుసు. జగ్గులో అల్లం రసంతోపాటు పావు చెంచా మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేసి వడకట్టాను. తమ్ముడు రెండో గ్లాసు తీసుకున్నాడు. మద్యంతో చేసినదానితో సమానమని ఇప్పటికీ ఒప్పుకోడు. నేను కూడా సమానమని అనను. రెండూ వేర్వేరు రుచులు, ఇది దేనికీ తక్కువ కాని రుచి. బెల్లం ఎందుకు వాడలేదంటే పుదీనా మీద బెల్లం కూర్చుంటుంది. సొంఠి, మిరియం, ఏలకి బెల్లానికి జోడీ, పచ్చి ఆకు కాదు.

పిన్ని అడిగిన ప్రశ్న

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన అభ్యంతరం మా పిన్నిది. పిన్నిది కావలి దగ్గర పల్లె. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు ఆ కదలిక చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. పిన్ని అప్పుడు పాతికేళ్ళ మనిషి, చంకలో పిల్లతో దుకాణం ముందు కూర్చుంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఇవన్నీ ఆవిడకి ఇంటి సంగతులు.

"సీసా పక్కన పెడతానంటావు. అసలు పెట్టడం ఎందుకే? ఆకులూ పూలూ చేర్చి దానికి మర్యాద తెస్తున్నావు. రేపు పిల్లలకి అది తప్పు కాదనిపిస్తుంది" అంది.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చెప్పగలిగింది ఇంతే. మా ఇంట్లో సీసా ముందు నుంచీ ఉంది, నా జగ్గు వల్ల రాలేదు. ఇంతకుముందు అది డాబా మీద, మా కళ్ళకి దూరంగా, కొలత లేకుండా నడిచేది. జగ్గు వచ్చాక పోయిన వేసవిలో మొదటిసారి అందరం పైన కూర్చున్నాం. తోడికోడలు, అత్తయ్యగారు, పిల్లలు, మగవాళ్ళు. భార్యాపిల్లల ఎదురుగా కొలత గ్లాసు తీసి పోసుకోవాల్సి వచ్చినప్పుడు చెయ్యి దానంతటదే తగ్గింది. మా మరిది ఒక గ్లాసులో పోసుకుని, రెండోది మామూలు జగ్గులోంచే నింపుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ గమనించినట్టు కూడా కనిపించలేదు. రెండు గ్లాసులూ చూడటానికి ఒకేలా ఉన్నాయి. తాగనివాడిని "ఏంట్రా, కూల్‌డ్రింకా?" అని వెక్కిరించే అవకాశమే అక్కడ లేకపోయింది. ఈ ఒక్క విషయం కోసమైనా నేను ఈ పద్ధతినే పట్టుకుంటాను. తాగకూడదనుకున్న మగవాడికి మన విందుల్లో ఎంత ఒత్తిడి ఉంటుందో పైకి ఎవరూ మాట్లాడరు.

పిన్ని దీనికి ఒప్పుకోలేదు. "ఒకడు తగ్గించుకున్నాడని లోకం మారదు" అంది. అదీ నిజమే. తాగుడుకి బానిసైన మనిషి ఉన్న ఇంట్లో నేను చెప్పిన పద్ధతి పనికిరాదు, అక్కడ పక్కన కూడా సీసా ఉండకూడదు. పిల్లల గురించి ఆవిడ అన్నది కూడా తీసిపారేయలేను. అందుకే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మన రాష్ట్రంలో చట్టం 21 ఏళ్ళంటుంది, ఆ లోపు వయసున్న ఎవరికీ సీసా బల్ల దగ్గర పని లేదు, ఐసు అందించడానికైనా సరే. సీసా వేరే చిన్న బల్ల మీద, జగ్గుకి దూరంగా ఉంటుంది. పోసుకునేవాళ్ళే లేచి వెళ్ళాలి. బండి నడిపి ఇంటికి వెళ్ళాల్సినవాళ్ళు లేవరు. ఈ ఏడాది పిన్ని వేసవికి మా ఇంటికి వస్తోంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ సీసా బయటికి రాదని ఇంట్లో చెప్పేశాను. అప్పుడు కూడా జగ్గు మామూలుగానే తయారవుతుంది, అందులో ఒక్క చుక్క మార్చాల్సిన పని ఉండదు.

మిగిలిన జగ్గు సంగతి కూడా చెప్పాలి. అందరి గ్లాసులకీ కలిపి మద్యం పోసేసిన జగ్గు మిగిలితే మర్నాడు పిల్లలున్న ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టలేం, పారబోయాల్సిందే. మద్యం పోయని జగ్గు అలా కాదు, ఆకు పూర్తిగా వడకట్టి ఉంటే మర్నాడు మధ్యాహ్నం దాకా బాగుంటుంది. ఆకు అందులోనే వదిలేస్తే తెల్లారేసరికి చేదెక్కుతుంది. మూత గట్టిగా పెట్టండి, లేకపోతే పక్కనున్న పెరుగుకి పుదీనా వాసన పడుతుంది. మర్నాడు పదకొండు గంటలకి ఎండలోంచి కూరగాయల సంచీతో వచ్చినవాళ్ళకి అందులోంచి ఒక గ్లాసు నింపి, ఇంకో చిటికెడు ఉప్పు వేసి ఇవ్వండి.